ర్యాంకిన్ ఎవరు? ఇంజనీరింగ్ చదివేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మెకానికల్ వాళ్లకు ర్యాంకిన్ అంటే ఆవిరి సైకిల్. సివిల్ వాళ్లకు రిటైనింగ్ వాల్, అంటే మట్టిని ఆపే గోడ. సర్వేయింగ్ ప్రాక్టికల్స్‌లో ఎండలో కోణాలు కొలిచే థియోడలైట్ పట్టుకుని నిలబడ్డవాళ్లకు కర్వ్. పరీక్షలో ఆ పేరు వందసార్లు రాస్తాం కానీ ఆ మనిషి ఎవరో ఏ పుస్తకమూ చెప్పదు. తెలుసుకోవాలన్న కుతూహలం ఉన్నవాళ్ల కోసం ఈ పేజీ. ఫార్ములాలను మొదటి నుంచి రాబట్టడం ఇక్కడ ఉండదు. అది మీ క్లాసు నోట్సులో ఉంటుంది.

ఇన్ని సబ్జెక్టుల్లో కనిపించే ర్యాంకిన్ ఒక్కడేనా?

ఒక్కడే. విలియం జాన్ మెక్వార్న్ ర్యాంకిన్, స్కాట్లాండ్ ఇంజనీరు. 1820లో పుట్టి 1872లో పోయాడు. ఆవిరి సైకిల్, మట్టి ఒత్తిడి సిద్ధాంతం, స్తంభాల ఫార్ములా, పెళుసు లోహాలకు వాడే మాక్సిమమ్ ప్రిన్సిపల్ స్ట్రెస్ సిద్ధాంతం, ఉష్ణోగ్రత స్కేలు, రైల్వే వంపుల పద్ధతి, షాక్ వేవ్స్‌లో వచ్చే ర్యాంకిన్–హ్యుగోనియో సంబంధాలు, అన్నిటి వెనకా ఉన్నది ఈయనే. పొటెన్షియల్ ఎనర్జీ అన్న పేరు కూడా 1853లో ఈయన పెట్టిందే. సివిల్, మెకానికల్, నేవల్ అని బ్రాంచీలు విడిపోకముందు మనిషి కాబట్టి ఒకే జీవితంలో ఇన్ని చోట్ల చెయ్యి పెట్టగలిగాడు.

ఎక్కడ పుట్టాడు? ఏం చదివాడు?

1820 జులై 5న ఎడిన్‌బరోలో. తండ్రి డేవిడ్ సైన్యంలో లెఫ్టినెంట్‌గా చేసి తర్వాత రైల్వే పనుల్లోకి వచ్చాడు. తల్లి బార్బరా గ్రేమ్‌ది గ్లాస్గోలో బ్యాంకులు నడిపిన కుటుంబం. పిల్లాడికి ఆరోగ్యం సరిగా ఉండేది కాదు, అందుకని చదువు చాలావరకు ఇంట్లోనే సాగింది. పద్నాలుగేళ్లప్పుడు మేనమామ న్యూటన్ ప్రిన్సిపియా గ్రంథాన్ని లాటిన్‌లో ఇస్తే దాంతో కుస్తీ పట్టాడు. 1836లో ఎడిన్‌బరో యూనివర్సిటీలో చేరి, ఫిజిక్స్ ప్రొఫెసర్ జేమ్స్ ఫోర్బ్స్ దగ్గర చదివి, కాంతి తరంగ సిద్ధాంతం మీద రాసిన వ్యాసానికి బంగారు పతకం తెచ్చుకున్నాడు.

డిగ్రీ పూర్తి చేయలేదట, నిజమేనా?

నిజమే. రెండేళ్ల తర్వాత ఇంటి డబ్బు ఇబ్బందుల వల్ల చదువు ఆపి రైల్వే పనిలోకి దిగాడు. 1838లో ఐర్లాండ్ వెళ్లి సర్ జాన్ మెక్‌నీల్ దగ్గర అప్రెంటిస్‌గా చేరాడు. ఆ రోజుల్లో బ్రిటన్‌లో ఇంజనీరు కావాలంటే దారి అదే. పేరున్న ఇంజనీరుకు ఫీజు కట్టి, ఆయన వెంట సైట్లు తిరిగి, చూసి నేర్చుకోవడం. కాలేజీలో ఇంజనీరింగ్ నేర్పడమేమిటని చాలామంది నవ్వేవారు. తర్వాత జీవితమంతా ఆయన యూనివర్సిటీలో చేసిన పని ఆ నవ్వులకు సమాధానమే.

సర్వేయింగ్‌లో ర్యాంకిన్ పద్ధతి అంటారు కదా, అది అప్పటిదేనా?

అప్పటిదే. డబ్లిన్–డ్రోగెడా రైల్వే లైను పనిలో ఉండగా తేల్చాడు. లైను ఒక వంపు తిరగాలి. వృత్తకేంద్రం ఎక్కడో పొలాల్లోనో కొండ అవతలో ఉంటుంది, అక్కడి నుంచి తాడు పట్టి గీయలేం. ర్యాంకిన్ ఏమన్నాడంటే, వంపు మొదలయ్యే చోటే థియోడలైట్ పెట్టండి. వృత్తంలో స్పర్శరేఖకూ జ్యాకూ మధ్య ఉండే కోణం, ఆ జ్యా కేంద్రం దగ్గర చేసే కోణంలో సగం. అందుకని ప్రతి జ్యాకూ ఎంత కోణం తిప్పాలో ముందే లెక్క కట్టి పట్టిక రాసుకోవచ్చు.

400 మీటర్ల వ్యాసార్థం ఉన్న వంపులో 20 మీటర్ల జ్యాకు ఎంత తిప్పాలి? కోణం నిమిషాల్లో రావడానికి వాడే స్థిరాంకం 1718.9 ని 20 తో హెచ్చించి 400 తో భాగిస్తే సుమారు 85.95 నిమిషాలు, అంటే 1 డిగ్రీ 25 నిమిషాల 57 సెకన్లు. రెండో మేకుకు దీనికి రెట్టింపు, మూడోదానికి మూడు రెట్లు. యూక్లిడ్ జామెట్రీలో ప్రతివాడూ చదివిన ఒక్క సిద్ధాంతం, ఒక పట్టిక, ఒక చైను. ఎలక్ట్రానిక్ కొలత పరికరం టోటల్ స్టేషన్ వచ్చాక ఇది పాతబడింది నిజమే, కానీ మన పాలిటెక్నిక్ సిలబస్‌లో ఇంకా ఉంది. ఉండాలి కూడా.

రైలు ఇరుసుల గురించి ఆయన కనిపెట్టిందేమిటి?

నన్నడిగితే ఆయన పనిలో అందరికంటే తక్కువ గుర్తింపు దొరికింది దీనికే. 1842 మే 8న పారిస్ పక్కన వెర్సాయ్ దారిలో ఒక రైలింజను ఇరుసు విరిగింది. వెనక పెట్టెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి మంటలు లేచాయి. యాభై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో అంటార్కిటికా చూసొచ్చిన నావికుడు ద్యుమాం ద్యుర్విల్ కూడా ఉన్నాడు.

ఏళ్ల తరబడి బాగా నడిచిన ఇరుసు ఉన్నట్టుండి ఎందుకు విరుగుతుంది? అప్పట్లో చెలామణిలో ఉన్న మాట ఏమిటంటే, కుదుపులకు ఇనుము లోపల పీచుతనం పోయి స్ఫటికంగా మారిపోతుందని. విరిగిన చోట గరుకుగా మెరుస్తుంది కదా, అదే సాక్ష్యం అనేవారు. ఇరవై రెండేళ్ల ర్యాంకిన్ విరిగిన ఇరుసులను పరిశీలించి వేరే సంగతి చెప్పాడు. పగులు ఒక్కసారిగా రాలేదు. ఇరుసు లావు తగ్గే మెట్టు దగ్గర, చుట్టూ సన్నని గీతలా మొదలై, రోజురోజుకీ లోపలికి పాకి, మిగిలిన భాగం బరువు మోయలేనప్పుడు తెగింది. కాబట్టి ఆ మెట్టును పదునైన మూలగా కోయకుండా వంపుగా మలచాలన్నాడు. ఈ పేపర్‌ను 1843లో లండన్‌లోని సివిల్ ఇంజనీర్ల సంస్థ ముందు పెట్టాడు. షాఫ్టు డ్రాయింగ్‌లో మెట్టు దగ్గర ఫిల్లెట్ రేడియస్, అంటే ఆ వంపు, ఎందుకు వేస్తామో మెకానికల్ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇలా మళ్లీ మళ్లీ పడే బరువుకు లోహం పగలడాన్ని ఫెటీగ్ అంటారు. దాని మీద జర్మనీలో వోలర్ క్రమపద్ధతిలో ప్రయోగాలు చేసింది ఆ తర్వాతే.

రైల్వే మనిషి ఆవిరి సిద్ధాంతంలోకి ఎలా వచ్చాడు?

వేడి అంటే అణువుల చుట్టూ సుడులు తిరిగే కదలిక అని ఆయనకు చిన్నప్పటి నుంచీ ఒక ఊహ. దాన్ని లెక్కల్లో పెట్టాలని 1842లోనే మొదలుపెట్టి, కొలతలు లేక వదిలేశాడు. ఫ్రాన్సులో రెన్యో ఆవిరి మీద చేసిన కచ్చితమైన కొలతలు వచ్చాక 1849లో మళ్లీ పట్టుకున్నాడు. ఆవిరి ఉష్ణోగ్రతకూ పీడనానికీ ఉన్న సంబంధానికి ఫార్ములా తెచ్చాడు.

1850లో అటు జర్మనీలో భౌతిక శాస్త్రవేత్త క్లాసియస్, ఇటు ర్యాంకిన్ ఎవరికి వారే ఒక విచిత్రమైన సంగతి తేల్చారు. సంతృప్త ఆవిరి బయటి వేడి అందకుండా వ్యాకోచిస్తే అందులో కొంత నీరుగా మారిపోతుంది. అప్పటికి ఎవరూ అనుకోనిది. ఇవాళ టర్బైన్ చివరి వరస బ్లేడ్లను నీటి చుక్కలు కొరికేయడానికి కారణం ఇదే. అందుకే ఆవిరిని సూపర్‌హీట్ చేసి, అంటే ఇంకా వేడెక్కించి పంపుతారు, పెద్ద స్టేషన్లలో మధ్యలో బాయిలర్‌కు తిప్పి పంపి మళ్లీ వేడెక్కిస్తారు.

సుడుల ఊహ తర్వాత నిలబడలేదు. దాని మీద కట్టిన లెక్కలు మాత్రం చాలావరకు నిలిచాయి. 1854 నాటికి ఆయన వాడిన థర్మోడైనమిక్ ఫంక్షన్, పదకొండేళ్ల తర్వాత క్లాసియస్ ఎంట్రోపీ అని పిలిచినది ఒకటే. పేరు మాత్రం క్లాసియస్‌కు దక్కింది. ర్యాంకిన్ రాత తీరు కూడా అందుకు కొంత కారణం. థర్మోడైనమిక్స్ రెండో నియమాన్ని ఆయన చెప్పిన విధం మీద మాక్స్‌వెల్ అంతటివాడు వ్యంగ్యంగా రాశాడు.

ర్యాంకిన్ సైకిల్ కనిపెట్టింది నిజంగా ఆయనేనా? కార్నో సైకిల్ ఉండగా ఇది ఎందుకు?

బాయిలర్, ఇంజను, కండెన్సర్, పంపు ఈ నాలుగూ జేమ్స్ వాట్ కాలానికే ఉన్నాయి. వాటి మీదుగా తిరిగే ఆవిరి లెక్కను 1859లో ఆవిరి యంత్రాల మీద రాసిన మాన్యువల్లో ర్యాంకిన్ పద్ధతిగా పెట్టాడు. క్లాసియస్ కూడా ఇదే పని చేశాడు కాబట్టి జర్మన్లు క్లాసియస్–ర్యాంకిన్ అని జంటగా పిలుస్తారు.

ఇక ఫ్రెంచి ఇంజనీరు కార్నో చెప్పిన ఆదర్శ సైకిల్. కాగితం మీద దాన్ని మించింది లేదు. ఆవిరితో చేయబోతేనే చిక్కు. కండెన్సర్‌లో ఆవిరిని సగంలో ఆపి, ఆవిరీ నీరూ కలిసిన ముద్దను కంప్రెస్ చేయాలి. అలాంటి కంప్రెసర్ బాగా పనిచేయదు, పైగా టర్బైన్ ఇచ్చిన పనిలో పెద్ద వాటా అదే తినేస్తుంది. ర్యాంకిన్ సైకిల్లో ఆవిరిని పూర్తిగా నీరు చేసి, ఆ నీటిని పంపుతో తోస్తారు. ఒక కిలో నీటి ఘనపరిమాణం 0.001 ఘనమీటరు. దాన్ని 100 బార్ల పీడనానికి ఎక్కించడానికి పట్టే పని సుమారు 10 కిలోజౌళ్లు. అదే కిలో ఆవిరి టర్బైన్‌లో ఇచ్చేది వెయ్యి కిలోజౌళ్ల స్థాయిలో ఉంటుంది. అంటే నూటికి ఒక్క వంతు పంపుకు. ఆదర్శ సామర్థ్యంలో కాస్త వదులుకుని, పనిచేసే యంత్రాన్ని తెచ్చుకున్నామన్నమాట.

రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం, సింహాద్రి, వీటిలో ఏ థర్మల్ స్టేషన్‌కు వెళ్లినా తిరిగేది ఈ సైకిలే. ఇవి నదుల దగ్గరో, సింహాద్రిలా సముద్రం పక్కనో ఉండటానికి ఒక కారణం కండెన్సర్‌ను చల్లబరిచే నీళ్లు. 540 డిగ్రీల సెల్సియస్ ఆవిరి, 40 డిగ్రీల కండెన్సర్ అనుకుంటే కార్నో హద్దు 61 శాతం దాటుతుంది. నిజంగా బొగ్గు వేడిలో కరెంటుగా చేతికొచ్చేది మూడో వంతుకు కాస్త అటూ ఇటూ. మిగతాదంతా చిమ్నీకీ కూలింగ్ టవర్‌కీ పోతుంది.

ర్యాంకిన్ స్కేలు ఇప్పుడు ఎవరైనా వాడతారా?

అమెరికాలో కొన్ని చోట్ల వాడతారు. పరమ శూన్యం దగ్గర మొదలై ఫారెన్‌హైట్ డిగ్రీలతో సాగే స్కేలు. నీరు గడ్డకట్టేది 491.67 దగ్గర, మరిగేది 671.67 దగ్గర. మనకు ఆబ్జెక్టివ్ పేపర్‌లో ఒక బిట్టు.

డిగ్రీ లేనివాడు ప్రొఫెసర్ ఎలా అయ్యాడు?

1840లో విక్టోరియా రాణి పేరున గ్లాస్గో యూనివర్సిటీలో సివిల్ ఇంజనీరింగ్, మెకానిక్స్ పీఠం పెట్టారు. బ్రిటన్ యూనివర్సిటీల్లో ఇంజనీరింగ్‌కు అలాంటి పీఠం అదే మొదటిది. మొదటి ప్రొఫెసర్ లూయిస్ గోర్డన్. యూనివర్సిటీ పెద్దలకు ఈ సబ్జెక్టు అక్కడ ఉండటమే ఇష్టం లేదు. గోర్డన్‌కు బయట వైర్ రోప్, సముద్రపు కేబుళ్ల వ్యాపారం పెరిగి తప్పుకున్నాక, 1855లో ఆ స్థానం ర్యాంకిన్‌కు వచ్చింది. అప్పటికే ఆయన రాయల్ సొసైటీ ఫెలో. పోయేదాకా, పదిహేడేళ్లు, ఆ కుర్చీలోనే ఉన్నాడు.

1856 జనవరిలో ఇచ్చిన ప్రారంభోపన్యాసంలో సిద్ధాంతానికీ ఆచరణకూ మధ్య వైరం ఉందన్న నమ్మకాన్ని ఆయన నేరుగా పట్టుకున్నాడు. ఆయన లెక్కలో జ్ఞానం మూడు రకాలు. ఒకటి శుద్ధ శాస్త్రం. రెండోది మేస్త్రీకి చేతి అలవాటుగా వచ్చే పనితనం. ఈ రెంటి మధ్యలో మూడోది ఒకటుంది. ముందెవరూ కట్టని దాన్ని, దొరికే సామానుతో, ఎంత ఖర్చుతో, ఎంత భద్రంగా కట్టవచ్చో ముందే చెప్పగల జ్ఞానం. ఈ మూడోదాన్ని ఎవరూ విడిగా నేర్పడం లేదని, తన పీఠం ఉన్నది అందుకేనని చెప్పాడు.

ఇది ఉపన్యాసం కోసం చెప్పిన మాటగా మిగల్లేదు. పైన చూసిన కర్వ్, సైకిల్ రెండూ ఇలాంటివే. పూర్తి నిజం కాకపోయినా సైట్లో నిలబడే లెక్క, దాంతోపాటు ఎంతవరకు నమ్మవచ్చో చెప్పే హద్దు.

పాఠాలు ఎలా ఉండేవి?

చలికాలమంతా క్లాసులు, వేసవిలో విద్యార్థులు వర్క్‌షాపుల్లో, సైట్లలో పని. గ్లాస్గో అంటే అప్పట్లో క్లైడ్ నది పొడవునా ఓడల యార్డులు, కాబట్టి పనికి కొదవ లేదు. ఇంజనీరింగ్‌కు డిగ్రీ ఇవ్వాలని పోరాడి, ముందు 1862లో ఒక సర్టిఫికెట్‌ను సాధించాడు.

పాఠాలే పుస్తకాలయ్యాయి. అప్లయిడ్ మెకానిక్స్ 1858, ఆవిరి యంత్రాలు 1859, సివిల్ ఇంజనీరింగ్ 1862, మెషినరీ 1869. ఆయన పోయాక కూడా దశాబ్దాల పాటు అచ్చవుతూనే ఉన్నాయి. సులువైన పుస్తకాలేమీ కావు. మొదట అత్యంత సాధారణ సూత్రం చెప్పి, దాని నుంచి ప్రత్యేక సందర్భాలకు దిగుతాడు. కొత్తగా చదివేవాడికి ఇది తలకిందుల వరస, టెన్షన్ పెట్టేస్తుంది. విషయం కాస్త తెలిసినవాడికి మాత్రం అంతకంటే పొందికైన అమరిక దొరకదు.

రిటైనింగ్ వాల్ సిద్ధాంతాన్ని మామూలు మాటల్లో చెప్పగలరా?

ఇసుక గుట్ట తనంతట తాను ఒక వాలులో నిలుస్తుంది. ఆ వాలును నిటారుగా కోసి గోడ కడితే, జారాలనుకునే ఇసుక గోడను తోస్తుంది. ఎంత? కులంబ్ 1770ల్లో జారే ముక్కను మొత్తంగా తీసుకుని లెక్కించాడు. ర్యాంకిన్ 1857లో ఆ ముక్క లోపలికి వెళ్లి, మట్టిలో ప్రతి బిందువూ జారబోయే స్థితిలో ఉందనుకుని రాశాడు. పక్క ఒత్తిడి, పైనున్న బరువులో ఒక భిన్నం. ఘర్షణ కోణం 30 డిగ్రీలైతే ఆ భిన్నం సరిగ్గా మూడో వంతు.

గోడ 3 మీటర్లు, ఘనమీటరు ఇసుక బరువు 18 కిలోన్యూటన్లు అనుకుందాం. అడుగున ఒత్తిడి చదరపు మీటరుకు 18 కిలోన్యూటన్లు. గోడ మీటరు పొడవుకు మొత్తం తోపు 27 కిలోన్యూటన్లు, అడుగు నుంచి ఒక మీటరు ఎత్తున పడుతుంది. ఇప్పుడు వానాకాలంలో వెనక నీరు పైదాకా నిండిందనుకోండి. నీటి తోపు ఒక్కటే 44 కిలోన్యూటన్లు, దాని మీద మట్టిది అదనం. మొత్తం రెట్టింపు దాటిపోతుంది. మన ఊళ్లలో ఘాట్ రోడ్ల పక్కన, అపార్ట్‌మెంట్ సెల్లార్ల దగ్గర కూలే గోడల్లో చాలావాటికి మట్టి లెక్క తప్పు కాదు, నీళ్లు పోయే కన్నాలు పెట్టకపోవడమో, పెట్టినవి పూడుకుపోవడమో కారణం.

ఈ సిద్ధాంతం గోడకూ మట్టికీ మధ్య ఘర్షణను వదిలేస్తుంది, అందుకే తోపును కాస్త ఎక్కువగా చూపిస్తుంది. అది భద్రమైన వైపే. కానీ నల్లరేగడి దగ్గర దీన్ని గుడ్డిగా వాడకండి. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చే నేల ఇసుకలా ప్రవర్తించదు.

ర్యాంకిన్–గోర్డన్ ఫార్ములాలో గోర్డన్ ఎవరు?

పైన చెప్పిన మొదటి ప్రొఫెసర్ గోర్డనే. పొట్టి స్తంభం నలిగి పోతుంది, సన్నటి పొడవాటిది ఆయిలర్ చెప్పినట్టు వంగి పోతుంది. మధ్యరకానికి ఈ రెంటి విలోమాలను కూడాలి. నలిగే బరువు 600, వంగే బరువు 300 కిలోన్యూటన్లైతే ఫార్ములా ఇచ్చేది 200. రెంటికంటే తక్కువే వస్తుందని గమనించండి.

ఇండియాతో ఏమైనా సంబంధం ఉందా?

ఇక్కడికి రాలేదు. అయితే చివరి పెద్ద పనుల్లో ఒకటి మనదే. బొంబాయికి తాగునీటి కోసం ఎత్తైన రాతి డ్యామ్ కట్టాలనుకున్నప్పుడు అక్కడి మునిసిపాలిటీ ఇంజనీరు ఆయన సలహా అడిగాడు. 1872 జనవరిలో ఆ నివేదిక అచ్చయింది. రాయి, సున్నం నొక్కుడును తట్టుకుంటాయి, లాగుడును తట్టుకోవు. కాబట్టి డ్యామ్ నిండినా ఖాళీ అయినా బలాల ఫలితరేఖ అడ్డుకోతలో మధ్య మూడో వంతులోనే పడాలని ఆయన పట్టుబట్టాడు. అంతకుముందు ఫ్రెంచి ఇంజనీర్లు ప్రధానంగా నొక్కుడు హద్దునే చూసుకునేవారు. నాగార్జునసాగర్ లాంటి రాతి గ్రావిటీ డ్యామ్‌ల గురించి క్లాసులో చెప్పేటప్పుడు మిడిల్ థర్డ్ అని బోర్డు మీద రాసేది ఈ నియమాన్నే.

జపాన్ కథ ఏమిటి?

జపాన్ నుంచి వచ్చిన యమావో యోజో 1860ల్లో గ్లాస్గోలో నేపియర్ ఓడల యార్డులో పనిచేస్తూ సాయంత్రాలు చదువుకున్నాడు. తిరిగి వెళ్లి ప్రభుత్వంలో పెద్దవాడయ్యాక, టోక్యోలో ఇంజనీరింగ్ కాలేజీకి అధిపతి కావాలని బ్రిటన్‌ను అడిగారు. ర్యాంకిన్ తన శిష్యుడు హెన్రీ డయ్యర్ పేరు సూచించాడు. డయ్యర్ వయసు అప్పటికి పాతికేళ్లు కూడా లేదు. 1873లో వెళ్లి ఆరేళ్ల కోర్సు పెట్టాడు. రెండేళ్లు సాధారణ చదువు, రెండేళ్లు సాంకేతిక పాఠాలు, రెండేళ్లు పూర్తిగా పని. బివా సరస్సు కాలువను కట్టిన తనాబె సకురో అక్కడే చదివాడు. గ్లాస్గోలో గురువు అరకొరగా సాధించినదాన్ని శిష్యుడు టోక్యోలో పూర్తిగా నడిపించాడు.

ఆయన చేసినవన్నీ ఫలించాయా?

లేదు. జేమ్స్ రాబర్ట్ నేపియర్‌తో కలిసి వేడిగాలి ఇంజనుకు పేటెంటు తీసుకున్నాడు. అది వ్యాపారంగా నిలవలేదు.

మనిషిగా ఎలాంటివాడు?

పెళ్లి చేసుకోలేదు, తల్లిదండ్రులతోనే ఉన్నాడు. సెల్లో, పియానో వాయించేవాడు, స్నేహితుల మధ్య సరదా పాటలు కట్టి పాడేవాడు. మెట్రిక్ కొలతలను ఎగతాళి చేస్తూ పాత అడుగుబద్దను వెనకేసుకొచ్చే పాట ఒకటి బాగా పేరుపొందింది. ఇప్పటికీ ప్లాట్లను గజాల్లో, ఫ్లాట్లను అడుగుల్లో కొనే మనకు అది నచ్చకపోదు. 1872 డిసెంబరు 24న, 52 ఏళ్లకే పోయాడు. ఆ పీఠం మీదికి తర్వాత లార్డ్ కెల్విన్‌కు అన్నయ్య అయిన జేమ్స్ థామ్సన్ వచ్చాడు. 1961 నుంచి బ్రిటన్‌లో జియోటెక్నికల్ ఇంజనీర్లు ఏటా ర్యాంకిన్ పేరుతో ఒక ఉపన్యాసం పెట్టుకుంటున్నారు.

ఆయన రాసినవి చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అప్లయిడ్ మెకానిక్స్ మాన్యువల్ తీసుకుని మొదట్లో చేర్చిన ఆ ప్రారంభోపన్యాసం చదవండి, లెక్కలేమీ ఉండవు. తర్వాత సివిల్ ఇంజనీరింగ్ పుస్తకంలో మీకు తెలిసిన అంశం ఒకటి ఎంచుకోండి. కొలతలన్నీ అడుగులు, పౌండ్లు, ఫారెన్‌హైట్. ఆవిరి పుస్తకంలో 772 అన్న అంకె మాటిమాటికీ ఎదురైతే కంగారు పడొద్దు. ఒక పౌండు నీటిని ఒక ఫారెన్‌హైట్ డిగ్రీ వేడెక్కించడానికి ఇన్ని అడుగు-పౌండ్ల పని పడుతుందని జౌల్ కొలిచిన సంఖ్య అది.